తరగతి బల్ల – పత్రిక పుట

విద్యార్థి తీసిన ఛాయాచిత్రాన్ని బల్లమీద పెట్టి నలుగురూ విమర్శించటం వట్టి బోధనాపద్ధతి అనుకుంటే పొరపాటు. ఏది అందం, ఏది కాదు, ఎవరి ముఖం చూడదగింది, ఎవరి చెయ్యి చిత్రంలోకి రానక్కర్లేదు అన్న నిర్ణయాలు మొదట అక్కడే జరుగుతాయి. ఆ నిర్ణయాలే తరవాత పత్రికలకెక్కి లక్షలాది కళ్లకు అలవాటైపోతాయి. అందుచేత ఈ విమర్శకూ ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో వర్గం ఉంది, జాతివివక్ష ఉంది, పెట్టుబడి ఉంది.

ఫ్యాషన్ ఛాయాచిత్రం పేరెత్తగానే ముఖం తిప్పుకోవటం అభ్యుదయవాదుల్లో చాలామందికి రివాజు. అది సంపన్నుల విలాసమనీ, సరుకుల ప్రచారమనీ అంటారు. నిజమే. కాని గుడ్డ, శ్రమ, శరీరం, సరుకు – ఈ నాలుగూ ఒక్కచోట కలిసేది అక్కడే కదా! నేను తెలుగు సాహిత్యం చెప్పేవాణ్ణి; కెమెరా నా చదువు కాదు. అయినా ఇవాళ మా కళాశాలకు వచ్చే పిల్లల్లో కథలు రాసేవాళ్లకంటే బట్టలూ, వంటకాలూ, పెళ్లిముస్తాబులూ, ఇళ్ల అలంకరణలూ ఫొటోలు తీసేవాళ్లే ఎక్కువ. వాటిని తెచ్చి "ఎలా ఉన్నాయి సార్?" అని అడుగుతారు. "బాగున్నాయోయ్" అని భుజం తట్టే అధ్యాపకులు కొందరు; "ఇదంతా వ్యాపారం" అని తోసిపుచ్చేవారు మరికొందరు. రెండూ విమర్శను ఎగవేయటమే. ఆ పనిని బాధ్యతగా చేసిన తరగతి ఒకటి గత శతాబ్దం మధ్యకాలంలో అమెరికాలో నడిచింది. దాని ఘనతా, దాని పరిమితీ రెండూ మనకు పాఠాలే.

ఆ తరగతి నడిపినవాడు అలెక్సీ బ్రోడోవిచ్. 1898లో రష్యా సామ్రాజ్యంలో పుట్టాడు. విప్లవానంతర అంతర్యుద్ధంలో శ్వేతసేన పక్షాన పోరాడి, ఓడి, 1920లో పారిస్ చేరుకున్నాడు. అక్కడ డయాగిలేవ్ బాలే నాటకబృందానికి తెరలు చిత్రించి పొట్ట పోసుకున్నాడు. 1930లో అమెరికా వెళ్లాడు. 1933లో ఫిలడెల్ఫియాలో 'డిజైన్ లాబరేటరీ' అనే తరగతి ప్రారంభించి, 1941 నుంచి దానిని న్యూయార్కులోని న్యూ స్కూల్‌లో కొనసాగించాడు. మరోపక్క 1934 నుంచి 1958 దాకా 'హార్పర్స్ బజార్' అనే ఫ్యాషన్ పత్రికకు కళాదర్శకుడు. ఆ పత్రిక యజమాని హర్స్ట్ పత్రికాసామ్రాజ్యం. రాత్రి తరగతిలో గురువు, పగలు కొలువులో ఉద్యోగి – ఈ రెండు పాత్రల మధ్య వైరుధ్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈ కథకంతకూ కీలకం అక్కడే ఉంది.

న్యూ స్కూల్ సామాన్యమైన విద్యాలయం కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో విశ్వవిద్యాలయాలలో స్వేచ్ఛ కరువైందని నిరసించిన పండితులు 1919లో నెలకొల్పిన సంస్థ అది. హిట్లరు పాలననుంచి పారిపోయి వచ్చిన విద్వాంసులకు 1933లో ఆశ్రయమిచ్చిందీ అదే. తొలి ఉపాధ్యాయులలో థార్‌స్టీన్ వెబ్లెన్ ఒకడు. ఖరీదైన దుస్తులు ఒంటిని కప్పటానికి కాక, 'నేను ఒళ్లు వంచి పనిచేయనక్కర్లేదు' అని లోకానికి చాటటానికేనని 1899లోనే విశ్లేషించిన ఆర్థికవేత్త ఆయన. అలాంటి ఆయన పాఠాలు చెప్పిన సంస్థలోనే ఫ్యాషన్ ఛాయాచిత్రాల తరగతి జరగటం చరిత్ర చేసిన చమత్కారం.

బ్రోడోవిచ్ పద్ధతిలో పాఠం అంటూ లేదు. కెమెరా ఎలా పట్టుకోవాలో, వెలుతురు ఎలా కొలవాలో చెప్పేవాడు కాదు. ఒక విషయం ఇచ్చేవాడు. విద్యార్థులు చిత్రాలు తీసి తెచ్చేవారు. అందరి ఎదుటా వాటిని పరచి అందరూ విప్పి చూసేవారు. ఆయన మాట తక్కువ, కరకు ఎక్కువ. డయాగిలేవ్ నుంచి తెచ్చుకున్న "నన్ను ఆశ్చర్యపరచు" అన్నదే ఆయన మంత్రం. ఇదివరకెక్కడో చూసిన బొమ్మే కెమెరాలో మళ్లీ కనిపిస్తే మీట నొక్కవద్దనేవాడు. రిచర్డ్ అవెడన్, ఇర్వింగ్ పెన్, లిలియన్ బాస్‌మన్, గారీ వినోగ్రాండ్ వంటివారు ఆయన శిష్యులే.

ఈ విమర్శలోని విలువను కాదనలేం. అరువు తెచ్చుకున్న చూపును అది క్షమించలేదు. మన కవిత్వంలో అరిగిపోయిన ఉపమానాలను ఎత్తిచూపే విమర్శకుడు చేసేది కూడా ఆ పనే. అయితే ఆ మంత్రం ఒక ప్రశ్నను వదిలేసింది: ఎవరిని ఆశ్చర్యపరచాలి, ఎందుకు? కొత్తదనం కళకు ప్రాణమే; కాని సరుకుకు కూడా ప్రతి ఋతువులోనూ కొత్తదనమే కావాలి. గురువు కోరిన కొత్తదనమూ, అంగడి కోరిన కొత్తదనమూ ఒకే గుమ్మంలోంచి వస్తుంటే ఏది ఏదో పోల్చుకోవటం తేలిక కాదు.

ఆ కాలంలోనే ఆ నగరంలోనే ఇంకో తరగతి ఉండేది. 1936లో ఏర్పడిన ఫొటో లీగ్ శ్రామికవర్గ దృక్పథం గల ఛాయాచిత్రకారుల సంఘం. కొద్దిపాటి రుసుముతో తరగతులు నడిపేది. సిడ్ గ్రాస్‌మన్ అక్కడ ప్రధాన ఉపాధ్యాయుడు. విమర్శలో ఆయనా నిర్దాక్షిణ్యుడే. ఐతే అక్కడి ప్రశ్న వేరు: ఈ చిత్రంలో ఉన్న మనిషితో నీకేమిటి సంబంధం? ప్రభుత్వం 1947 డిసెంబరులో ఈ సంఘాన్ని విద్రోహసంస్థల పట్టికకెక్కించింది. 1951లో లీగ్ మూతపడింది. బ్రోడోవిచ్ తరగతికి అలాంటి గతి పట్టలేదు. ఏ విమర్శకు రాజ్యం భయపడుతుందో ఈ తేడాయే చెబుతుంది.

అంతమాత్రాన లీగ్ చూపులో లోపం లేదనటం సత్యం కాదు. ఆరన్ సిస్కిండ్ నాయకత్వంలో లీగ్ బృందం నల్లజాతి ప్రజలు నివసించే హార్లెమ్ పేటను చిత్రించింది. సదుద్దేశంతో చేసిన పనే. కాని ఆ పేట జీవితాన్ని దారిద్ర్యానికే కుదించారని తరవాతి విమర్శకులు అన్నారు. కాదనటం కష్టం. పేదవాడి కన్నీరు మాత్రమే చిత్రవస్తువనీ, వాడి పండుగబట్ట కాదనీ అనుకోవటం కూడా ఒక విధమైన చిన్నచూపే.

ఈ రెండు చూపుల లోటునూ పూరించిన పని ఒక విద్యార్థిని చేతిమీదుగా జరిగింది. ఈవ్ ఆర్నాల్డ్ 1912లో ఫిలడెల్ఫియాలో వలసవచ్చిన యూదు కుటుంబంలో పుట్టింది. ఫొటోలు కడిగే కర్మాగారంలో పనిచేసింది. 1948లో బ్రోడోవిచ్ దగ్గర ఆరు వారాల తరగతిలో చేరింది. అనుభవజ్ఞుల మధ్య కొత్తగా కెమెరా పట్టిన మనిషి. ఆమె తొలి చిత్రాలను తరగతి చీల్చి చెండాడింది. తరవాత ఇచ్చిన విషయం ఫ్యాషన్. నగరంలోని పేరున్న దుస్తుల సంస్థల వైపు ఆమె పోలేదు. తన బిడ్డను చూసుకునే ఆయా చెబితే, హార్లెమ్‌లోని చర్చిలలోనూ సభాశాలలలోనూ జరిగే ఫ్యాషన్ ప్రదర్శనలకు వెళ్లింది.

ఆ ప్రదర్శనల స్వభావం తెలిస్తేగాని ఆ చిత్రాల విలువ తెలియదు. శ్వేతజాతి ఫ్యాషన్ వ్యాపారం నల్లజాతి స్త్రీకి తలుపు మూసింది. అందుకని ఆ పేటవాళ్లే బట్టలు రూపొందించుకుని, కుట్టుకుని, తమ జనం ముందు ధరించి నడిచారు. ఇక్కడ బట్ట కేవలం సరుకు కాదు. 'మేమూ అందమైనవాళ్లమే' అన్న ప్రకటన. ఆర్నాల్డ్ వేదిక ముందు మాత్రమే నిలబడలేదు, తెరవెనక్కి వెళ్లింది. అక్కడున్న వెలుతురుతోనే తీసింది. షార్లట్ స్ట్రిబ్లింగ్ అనే మోడల్ అబిసీనియన్ చర్చిలో తెరవెనక తన వంతుకోసం ఎదురుచూస్తున్న 1950 నాటి చిత్రం ప్రసిద్ధం. అందులో అలంకారం ఉంది. ఆ అలంకారం వెనక మనిషి నిరీక్షణ కూడా ఉంది. బ్రోడోవిచ్ ఈ చిత్రాలను మెచ్చి, ఆ పనే కొనసాగించమన్నాడు. ఇంతవరకు విమర్శ గెలిచింది. తరగతి బల్ల సాధించగలిగింది ఇది.

ఇక పత్రిక పుట సంగతి. హార్లెమ్ చిత్రాలు అచ్చయింది అమెరికాలో కాదు. 1951లో, లండన్‌లోని 'పిక్చర్ పోస్ట్' వారపత్రికలో. 1938లో మొదలైన ఆ పత్రికకు సామాన్యుల పత్రిక అన్న మంచిపేరుండేది. కాని 1950లో కొరియా యుద్ధంలో దక్షిణ కొరియా ప్రభుత్వం రాజకీయ ఖైదీలను పెట్టిన హింసలపై వ్యాసం, చిత్రాలు అచ్చువేయబోతే యజమాని ఎడ్వర్డ్ హల్టన్ అడ్డుపడ్డాడు. పట్టుదల వదలని సంపాదకుడు టామ్ హాప్కిన్సన్‌ను తొలగించాడు. ఆ మరుసటి ఏడాదే ఆర్నాల్డ్ చిత్రాలు ఆ పుటలకెక్కాయి. బొమ్మలు ఆమెవే. కింది మాటలు మాత్రం మారిపోయాయి. తను రాసిచ్చిన వ్యాఖ్యలను మార్చి, చిత్రాల భావాన్ని తలకిందులు చేసి, జాతివివక్షకు అనువుగా మలిచారని ఆమె తరవాత రాసుకుంది. ఆత్మగౌరవంతో నడిచిన స్త్రీలు వెక్కిరింపుకు గురయ్యారు. చిత్రంలో ఒక్క గీత కూడా మారలేదు, అర్థం మారింది.

ఇంతకంటే చేదైన నిజం ఇంకొకటి. 1940లలో గోర్డన్ పార్క్స్ అనే నల్లజాతి ఛాయాచిత్రకారుడు ఉద్యోగం కోసం 'హార్పర్స్ బజార్'లో బ్రోడోవిచ్‌ను కలిశాడు. పని బాగుందని మెచ్చుకున్న బ్రోడోవిచ్, ఇది హర్స్ట్ సంస్థ గనక నల్లవాళ్లను పెట్టుకోలేమని చెప్పాడని పార్క్స్ తన ఆత్మకథలో రాశాడు. పార్క్స్ తరవాత 'వోగ్'కు ఫ్యాషన్ చిత్రాలు తీశాడు. 1948లో 'లైఫ్' పత్రికలో చేరి, ఆ సిబ్బందిలో తొలి నల్లజాతి ఛాయాచిత్రకారుడయ్యాడు. ఇది ఒక వ్యక్తి దుర్మార్గమని నేననను. గురువు కంటికి అడ్డురాని గోడ ఉద్యోగి చేతికి అడ్డొచ్చింది. రాత్రి బల్లదగ్గర ఎవర్నైనా ఆశ్చర్యపరచమన్న మనిషి, పగలు తనను ఆశ్చర్యపరచినవాణ్ణి గుమ్మంలోంచే తిప్పిపంపాడు. విమర్శ చిత్రం అంచులదగ్గర ఆగిపోతే జరిగేది ఇదే.

వస్తువా, శిల్పమా అని మన సాహిత్యంలో దశాబ్దాలుగా వాదించుకున్నాం. ఈ చరిత్ర ఆ వాదానికి మూడో అంశాన్ని కలుపుతున్నది: పుట. విద్యార్థి చిత్రం ముందు కూర్చున్న అధ్యాపకుడు మూడు ప్రశ్నలు వేయక తప్పదు. ఈ చూపు నీదేనా, అరువా? ఇది బ్రోడోవిచ్ ప్రశ్న. చిత్రంలోని మనిషి నీకు తోటిమనిషా, సామగ్రా? ఇది లీగ్ ప్రశ్న. ఈ చిత్రం ఎవరి పుటమీద, ఎవరి మాటలతో, ఎవరి లాభానికి నిలబడబోతుంది? ఇది ఆర్నాల్డ్‌కూ, పార్క్స్‌కూ జీవితం నేర్పిన ప్రశ్న. మొదటిది వదిలేస్తే చిత్రం కరపత్రమవుతుంది. రెండోది వదిలేస్తే బొమ్మలకొలువవుతుంది. మూడోది వదిలేస్తే విద్యార్థి తనకు తెలియకుండానే కూలీ అవుతాడు.

ఇది ఎక్కడో జరిగిన కథ కదా అనవచ్చు. హైదరాబాదులో 1995లోనే ఫ్యాషన్ సాంకేతిక సంస్థ, నిఫ్ట్, వెలిసింది. ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా చీరల దుకాణాలకు ఫొటోలు తీసి బతికే యువకులున్నారు. మా విద్యార్థులు తెచ్చే చేనేత చిత్రాలు చూస్తూంటాను. తెల్లని మేనిఛాయ గల అమ్మాయి పోచంపల్లి పట్టుచీర కట్టుకుని మగ్గానికి ఆనుకుని నవ్వుతుంది; నేతగాడు వెనక మసకగా ఉంటాడు, లేదా ఉండనే ఉండడు. ఆ చీరకు నూలు ఆసుపోయటానికి ఒక స్త్రీ వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. కన్నతల్లి ఆ బాధ పడటం చూడలేకనే చింతకింది మల్లేశం ఆసుయంత్రం కనిపెట్టి ఆమె పేరు పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ చెయ్యి ఈ చిత్రంలో ఎక్కడ? వెలుతురు బాగుందా, రంగులు కుదిరాయా అన్న చర్చతో పాటు ఈ ప్రశ్న కూడా బల్లమీదికి రావాలి.

నేతగాణ్ణి ముందుకు లాగి, దీనంగా కూర్చోబెట్టి తీయమని నా ఉద్దేశం కాదు. అది హార్లెమ్ విషయంలో లీగ్ చేసిన పొరపాటును మళ్లీ చేయటమే అవుతుంది. నేసిన స్త్రీ తను నేసిన చీర తానే కట్టుకుని, నచ్చినట్టు నిలబడితే ఆ చిత్రం ఎలా ఉంటుందో ఆలోచించమంటున్నాను. దానికింద ఎవరి మాటలు ఉండాలో కూడా విద్యార్థే ముందుగా తేల్చుకోవాలంటున్నాను. పుటలు మన చేతుల్లో లేవు; నిజమే. బల్ల ఇంకా మన చేతుల్లోనే ఉంది. అక్కడ అడగని ప్రశ్నను పుట ఎన్నటికీ అడగదు.