రోడ్డు దాటడానికి ఎన్ని సెకన్లు?

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, కొండపల్లి కోట గురించో, ఉండవల్లి గుహల గురించో రాద్దామని మొదట అనుకున్నాను. కాని మన నెలవారీ సమావేశాల్లో డి.ఎ. బకాయిల కంటే ముందుగా చర్చకు వస్తున్న విషయం వేరే ఉంది. అది రోడ్డు. ఆలస్యంగా వచ్చిన సభ్యులందరూ చెప్పే కారణం ఒక్కటే: "సిగ్నల్ దగ్గర ఇవతలికి రాలేకపోయానండీ." అందుచేత మన విజయవాడ రోడ్ల గురించి, వాటి మీద వెలిగే మూడు రంగుల దీపాల గురించి నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను.

కాలువలు, లాకులు

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి గనుక కాలువతోనే మొదలుపెడతాను. కృష్ణానదిపై ఆనకట్ట పని 1852లో ప్రారంభమై 1855లో పూర్తయింది. అక్కడి నుంచి బయలుదేరిన కాలువలు పొలాలకు నీళ్లివ్వడమే కాక, పడవల రాకపోకలకు దారులుగా కూడా ఉపయోగపడ్డాయి. బెజవాడలోని రెండు పెద్ద రోడ్లకూ, రెండు కాలువలకూ పేర్లు ఒక్కటే: ఏలూరు, బందరు. 1888లో పురపాలక సంఘం ఏర్పడింది. 1893లో నదిపై రైలు వంతెన వచ్చింది. ఊరు పెరిగింది. అయినా రోడ్డు దాటడాన్ని ఒక పనిగా ఎవరూ లెక్కించలేదు. జట్కాలు, ఎడ్లబళ్లు, తర్వాత సైకిళ్లు, రిక్షాలు. ఏలూరు రోడ్డు నుంచి బెసెంట్ రోడ్డు మీదుగా బందరు రోడ్డుకు కబుర్లు చెప్పుకుంటూ నడిచి వెళ్లిన రోజులు మనలో చాలామందికి గుర్తే.

ఇక్కడ లాకుల సంగతి ఒకటి చెప్పాలి. కాలువలో నీటిమట్టం మారేచోట లాకు ఉంటుంది. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపులు మూసి, నీటిమట్టం సమానం చేసి, ముందు తలుపులు తెరుస్తారు. తలుపుల మధ్య పడవ సగంలో ఉండగా మూయడమనేది ఉండదు. లాకు పనిచేసేది పడవ వేగాన్ని బట్టే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పెద్దలు నేర్పిన మొదటి పాఠం ఇది.

లారీలు వచ్చిన తర్వాత

1952లో పాత ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో కట్టిన బ్యారేజీ 1957లో పూర్తయింది. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టుకున్న ఆ బ్యారేజీ మీద రోడ్డు కూడా వేశారు. దానితో మద్రాసు వైపు నుంచి కలకత్తా వైపు వెళ్లే వాహనాలు నేరుగా మన ఊళ్లోకి వచ్చాయి. అప్పట్లో ఐదో నంబరు జాతీయ రహదారి, తొమ్మిదో నంబరు జాతీయ రహదారి అనేవాళ్లం. 2010లో నంబర్లు మారి అవి 16, 65 అయ్యాయి. ఆ రెండూ కలిసే చోటే బెంజి సర్కిల్. అక్కడ ఒకప్పుడు బెంజి లారీల కంపెనీ ఉండేదని, ఆ పేరే కూడలికి స్థిరపడిపోయిందని ఊళ్లో పెద్దలు చెబుతారు.

కూడళ్లలో అప్పుడు దీపాలు లేవు. మధ్యలో దిమ్మ, దాని మీద గొడుగు, కింద కానిస్టేబులు. ముసలమ్మ ఎవరైనా చేతిసంచీతో రోడ్డు అంచున నిలబడితే ఆయన చెయ్యెత్తి లారీని ఆపేవాడు. ఆమె అవతలికి చేరాకే చెయ్యి దించేవాడు. దానికి సెకన్ల లెక్క లేదు. మనిషిని చూసి ఇచ్చిన సమయం అది.

దీపం మొదట ఎవరి కోసం?

ఇప్పుడు దీపాల చరిత్రలోకి వస్తాను. ప్రపంచంలో మొదటి ట్రాఫిక్ సిగ్నల్ 1868 డిసెంబరులో లండన్‌లో పార్లమెంటు భవనం దగ్గర పెట్టారు. దాన్ని రూపొందించిన జాన్ పీక్ నైట్ రైల్వే ఇంజనీరు. అందుకే అది రైలు సిగ్నల్ లాగానే ఉండేది. పగలు చేతుల్లాంటి పలకలు, రాత్రి ఎరుపు, ఆకుపచ్చ గ్యాసు దీపాలు. పోలీసు పక్కన నిలబడి దాన్ని తిప్పేవాడు. 1869 జనవరిలో గ్యాసు పేలి ఆ పోలీసు గాయపడ్డాడు. దానితో ఆ ప్రయత్నం ఆగిపోయింది.

ఈ కథ చాలామందికి తెలిసిందే. కాని ఒక ముఖ్యమైన విషయం మరుగున పడిపోయింది. అప్పటికి మోటారు కారు పుట్టలేదు. గుర్రపుబళ్ల రద్దీలో నడిచివెళ్లేవారు రోడ్డు దాటలేకపోతున్నారని ఆ సిగ్నల్ పెట్టారు. బళ్లు తోలేవారికి అప్పటి పోలీసు శాఖ ఇచ్చిన సూచనల్లో కూడా పాదచారుల క్షేమం సంగతే ఉంది. అంటే ట్రాఫిక్ దీపం పుట్టిందే కాలినడకన వెళ్లేవారి కోసం.

తర్వాత కార్లు వచ్చాయి. 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కరెంటు సిగ్నల్ పెట్టారు. 1920లో డెట్రాయిట్ పోలీసు అధికారి విలియం పాట్స్ నాలుగు వైపులా మూడు రంగులు చూపే దీపాన్ని తయారుచేశాడు. పసుపు రంగు ఎందుకంటే, మధ్యలో చిక్కుకున్నవారు బయటపడడానికి కాస్త వ్యవధి ఉండాలని. 1923లో గారెట్ మోర్గాన్ అనే నల్లజాతి ఆవిష్కర్త పేటెంటు పొందిన సిగ్నల్‌లో అన్నివైపుల వాహనాలనూ ఒకేసారి ఆపే ఏర్పాటు కూడా ఉంది. ఇంగ్లండులో 1927లో వుల్వర్‌హాంప్టన్ పట్టణంలో స్వయంచాలకంగా మారే దీపాలు వచ్చాయి. పోలీసు చెయ్యి తప్పుకుంది, గడియారం వచ్చింది. గడియారానికి కళ్లుండవు. ఎన్ని సెకన్లు చెబితే అన్ని సెకన్లే ఇస్తుంది.

కొత్త రోడ్లు, కొత్త కష్టాలు

2005లో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునర్నిర్మాణ పథకం కింద మన ఊళ్లో బి.ఆర్.టి.ఎస్. రోడ్డు వచ్చింది. సత్యనారాయణపురంలో ఒకప్పుడు రైలు కూత వినబడిన చోట ఇప్పుడు వెడల్పాటి రోడ్డు ఉంది. మధ్యలో బస్సులకు ప్రత్యేక దారి అన్నారు. అనుకున్నన్ని బస్సులు ఆ దారిలో నడవలేదు. కాని రోడ్డు వెడల్పు మాత్రం నడిచేవాడికి మిగిలిపోయింది. 2014లో రాష్ట్ర విభజన తర్వాత రాజధాని ఈ ప్రాంతానికి రావడంతో వాహనాలు ఒక్కసారిగా పెరిగాయి. 2020 అక్టోబరులో దుర్గ గుడి దగ్గరి ఫ్లైఓవరు, బెంజి సర్కిల్ మొదటి ఫ్లైఓవరు ప్రారంభమయ్యాయి. 2021లో బెంజి సర్కిల్ దగ్గర రెండోది కూడా వాడుకలోకి వచ్చింది.

వీటివల్ల మేలు జరగలేదనడం అన్యాయం. దూరప్రాంతాల లారీలు పైనుంచి పోతున్నాయి. అంబులెన్సు కదులుతోంది. అయితే పైన పోయేవారి సమస్య తీరింది గాని, కింద నడిచేవారి సమస్య అలాగే ఉంది. మా మనవడు మోటారు సైకిలు మీద కూర్చుని "ఎర్రదీపం దగ్గర ఎంతసేపు తాతయ్యా" అని విసుక్కుంటాడు. అదే కూడలిలో నేను "ఇంత తొందరగా అయిపోయిందేమిటి" అని బెంగపడతాను. దీపం ఒక్కటే. వాడికి ఎక్కువ, నాకు తక్కువ.

టేపు, గడియారం

కిందటేడు మా సభ్యుడొకరు బ్యాంకుకు వెళ్తూ ఒక కూడలిలో సగం దాటేసరికి దీపం మారిపోయింది. వాహనాలు కదిలాయి. ఆయన మధ్యలోనే నిలబడిపోయారు. పక్కనున్న యువకుడు "పెద్దాయనా, కాస్త గబగబా నడవండి" అన్నాడు. ఆ మాట ఆయనకు బాగా గుచ్చుకుంది. "నడవలేకపోవడం నా తప్పా?" అని సమావేశంలో అడిగారు. ఎవరూ సమాధానం చెప్పలేకపోయాం.

మరుసటి వారం నలుగురం కలిసి తెల్లవారుజామున టేపు, చేతిగడియారం పట్టుకుని అక్కడికి వెళ్లాం. రోడ్డు వెడల్పు కొలిస్తే 26 మీటర్లు వచ్చింది. నడిచేవారికిచ్చిన సమయం 20 సెకన్లు. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని ఇంజనీర్లు సాధారణంగా లెక్క కడతారు. ఆ లెక్కన కూడా 22 సెకన్లు కావాలి. మేం ఖాళీ రోడ్డు మీద మామూలుగా నడిచి చూసుకుంటే సెకనుకు 0.8 మీటరు వచ్చింది. అంటే దీపం మారేసరికి మేం 16 మీటర్ల దగ్గర ఉంటాం. ఇంకా పది మీటర్లు మిగిలి ఉంటుంది. సరిగ్గా మా మిత్రుడు నిలబడిపోయిన ప్రాంతమే అది.

అంతకుముందు ఈ విషయమై రెండు అర్జీలు పెట్టాం. వాటిలో "వృద్ధుల అవస్థలు", "దయతో పరిశీలించి" వంటి మాటలు చాలా ఉన్నాయి. జవాబు రాలేదు. మూడో అర్జీలో ఆ మాటలన్నీ తీసేసి, ఈ నాలుగు అంకెలు, ఒక చేతి పటం మాత్రం పెట్టాం. రెండు నెలలకు ఒక ఉద్యోగి వచ్చి, తానూ కొలుచుకుని వెళ్లాడు. తర్వాత పగటివేళ సమయాన్ని 28 సెకన్లు చేశారు. మా నడకకు ఇంకా మూడున్నర మీటర్లు బాకీ ఉంది. ఆ బకాయి కోసం మళ్లీ రాశాం. బకాయిల కోసం రాయడం మనకు కొత్త కాదు గదా!

నడిచేవారికిచ్చిన ఎనిమిది సెకన్లు వాహనాల నుంచి తీసుకున్నవే అని ఆ ఉద్యోగి చెప్పాడు. అది నిజమే. బస్సులో ఉన్న యాభైమందికి కూడా పనులుంటాయి. అందుకే వెడల్పాటి రోడ్డు మధ్యలో నిలబడడానికి చిన్న దిమ్మ కట్టినా చాలని, రెండు విడతలుగా దాటుతామని కూడా రాశాం.

మనవి

2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం చారల దారి దగ్గర నడిచేవారికి దారి ఇవ్వాలి. ఈ సంచిక మన పిల్లలూ, మనవలూ చదువుతారు గనుక వారికి ఒక మాట. ఎర్రదీపం దగ్గర మీ బండి ముందు చక్రం తెల్లగీత వెనకే ఉంచండి. గీత దాటి నిలబడితే నడిచేవాడు చుట్టూ తిరిగి రావాలి. మాకు ఆ రెండడుగులు కూడా లెక్కే.

సభ్యులకు ఇంకొక మాట. జీవన ధృవీకరణ పత్రం ఇప్పుడు ఇంటి నుంచే పంపే వీలుంది. అంతమాత్రాన ఇంట్లోనే కూర్చోవాలని లేదు. బ్యాంకుకు, గుడికి, గ్రంథాలయానికి, మన సమావేశానికి నడిచే రావాలి. మీ వీధి చివరి కూడలిని కూడా ఒకసారి కొలవండి. వెడల్పు ఎంత, దీపం ఎన్ని సెకన్లు, మీ నడక ఎన్ని సెకన్లు అనే మూడు అంకెలు పోస్టుకార్డు మీద రాసి సంఘం కార్యాలయానికి పంపితే, అన్నీ కలిపి ఒకే అర్జీగా పెడతాం. వచ్చే నెల మొదటి ఆదివారం సమావేశానికి నేను టేపు తెస్తాను. కావలసినవారు తీసుకెళ్లవచ్చు.