ఆరో వరసలో ఆగిన సూది

అమ్మమ్మ ట్రంకుపెట్టె అడుగున దొరికింది అది. బొంత కాదు, బొంతకు పైముఖం మాత్రమే. వరసకు ఏడు ముక్కల చొప్పున ఐదు వరసలు, ఆరో వరసలో నాలుగు ముక్కలు. మొత్తం 39. ఒక్కోటి జానెడు. కింద అస్తరు లేదు, మధ్యన పొరలు లేవు. పూర్తి చేస్తానని నేనంటే అమ్మ తేలిగ్గా తీసేసింది. “అది ఉప్పెనకు ముందే పక్కన పడేసిందే. కళ్లు ఆనక ఆపేసింది.”

నేనూ నమ్మాను. కొలతలు తీసుకుందామని మంచం మీద తిరగేసి పరిచాను. ఆ తిరగేయడమే నెల్లాళ్లపాటు నన్ను సూది పట్టనివ్వలేదు.

బట్టకు మంచి ముఖం లోకానికి, వెనక ముఖం కుట్టినవాళ్లకి. మొదట కంటపడ్డది రెండో వరసలో ఒక పూల చీటీ ముక్క. దాని వెనక ఊదారంగు మిల్లు ముద్ర సగం తెగి ఉంది. ఒక అంకె, పక్కన ‘ఎన్‌.పి.’ అని ఇంగ్లీషు పొడి అక్షరాలు. నయా పైసలన్నమాట. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. పాత అణాల పైసాతో తికమక పడకుండా కొత్త పైసాను ‘నయా’ అన్నారు. 1964 జూన్‌లో ఆ నయా కాస్తా పోయింది. కాబట్టి గుడ్డ ఆ ఏడేళ్లలోది. బొంత కూడా అప్పటిదేనని సంబరపడి అమ్మకు ఫోన్ చేశాను. అప్పటికి అమ్మ పుట్టిందో లేదో.

ఆ సంబరం మూడో వరస దాకానే. అక్కడొక ముదురు నీలం ముక్క నలగదు, ముడత పడదు, గోరుతో గీస్తే జర్రున జారుతుంది. అంచు నుంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్ల చూపించాను. నూలైతే కాగితంలా మండి బూడిదవుతుంది. ఇది ముడుచుకుపోయి, కరిగి, చివర నల్లటి పూసలా గట్టిపడింది. టెరిలిన్! మన ఊళ్లలో ప్యాంటు షర్టు వేసుకునేవాళ్లు టెరిలిన్, టెరికాట్ అని మురిసిపోయింది అరవైల చివర్లో, డెబ్బైల్లో. అంటే పూల చీటీ ముక్క పదేళ్లో పదిహేనేళ్లో డబ్బాలో నిద్రపోయి, టెరిలిన్ పక్కకు వచ్చి చేరింది. గుడ్డ వయసు వేరు, కుట్టు వయసు వేరు. ఇంత చిన్న సంగతి తెలియకుండానే ఫోన్ చేసేశాను.

ముక్కలు ఎక్కడివి అన్నదానికి మాత్రం జవాబు సులువు. చాలావాటికి ఒక పక్క వంపు ఉంది. అది చంక వంపు, మెడ వంపు. అమ్మమ్మ ఊరందరికీ రవికెలు, లంగాలు కుట్టేది. మిషను పక్కన రాలిన కత్తిరింపులే ఇవి. కుట్టులోకి మడిచిన అంచు, బయటి ముఖం ఒకే రంగులో ఉన్నాయి. ఎవరూ కట్టి విడిచిన బట్ట కాదు, కొత్తగుడ్డ. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

అసలు చిక్కు ఎరుపు మరకలది. నాలుగో వరసలో ఎర్ర ముక్క ఒకటి నీళ్లు తగిలి రంగు విడిచింది. పక్క ముక్కకు అంటితే అర్థముంది. కానీ అదే ఆకారం, మామిడిపిందెలాంటి మరక, ఇంకో మూడుచోట్ల ఉంది, ఒకటి మూరెడు దూరంలో. గుడ్డను అడ్డంగా, నిలువుగా మడిచి చూశాను. నాలుగు మడతలు పెట్టేసరికి నాలుగు మరకలూ ఒకదాని మీద ఒకటి అద్దినట్టు కూర్చున్నాయి. ఉతుకులో పోయిన రంగు కాదిది. మడత పెట్టి దాచిన బట్ట మడతలోనే తడిసింది, చాలాసేపు నానింది. మడత మూలన తుప్పు మచ్చ, ట్రంకుపెట్టె మూల రేకు ఆకారంలో. కుట్టు సందుల్ని పాత పళ్లబ్రష్‌తో దులిపితే కాగితం మీద సన్నటి నల్లమట్టి రాలింది. ఉతికినా కుట్టులో ఇరుక్కున్న ఒండ్రు పోలేదు.

నాగాయలంకకు ఎగువన అమ్మమ్మది పెంకుటిల్లు. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ మీదికి సముద్రం లేచి వచ్చిన రోజు. పోయిన ప్రాణాలు ప్రభుత్వ లెక్కలోనే పదివేల దాకా, ఊళ్లవాళ్ల లెక్క ఇంకా పెద్దది. సొర్లగొంది లాంటి తీరపు ఊళ్లు ఏమైపోయాయో ఆ సీమలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. మా వాళ్ల ఇంట్లో నీళ్లు నడుమెత్తు. మనుషులు మిగిలారు. పెట్టె మిగిలింది.

ఇక్కడిదాకా అమ్మ మాట నిలబడింది. ఉప్పెనకు ముందే కుట్టింది, పెట్టెలో పెట్టింది, తడిసింది. ఆరో వరస దగ్గరే ఆ మాట తిరగబడింది. ఐదు వరసల్లోకి పాకిన ఎరుపు ఐదో వరస చివరి కుట్టు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. ఆరో వరస నాలుగు ముక్కల మీదా చుక్క లేదు, సందుల్లో మట్టి లేదు. పైగా ఐదు వరసలూ మిషను కుట్టు, ఇది చేతికుట్టు. నీళ్లు వచ్చి పోయాకనే ఈ వరస మొదలైందన్నమాట.

“మిషను తుప్పుపట్టి పనికిరాకుండా పోయింది” అని అమ్మ ఒప్పుకుంది. కళ్ల సంగతి మాత్రం ఒప్పుకోలేదు. భూతద్దం పెట్టి లెక్కపెట్టాను. అంగుళానికి పదకొండు కుట్లు, ఎక్కడా వంకర లేదు. చూపు ఆనని మనిషి కుట్టా ఇది?

ఆరో వరస రెండో ముక్క ముతక సంచిగుడ్డ. దానిమీద చేయీ చేయీ కలిపిన బొమ్మ వెలిసిపోయి లీలగా ఉంది. అమెరికా సాయం సంచుల మీద ఉండే గుర్తు. ఉప్పెన సాయంలో వచ్చిందని రాసేసుకోవచ్చు. కానీ బళ్లో ఉప్మా రవ్వ, పాలపొడి పంచిన రోజుల్లోనూ అలాంటి సంచులు ఊళ్లకొచ్చాయి. ఒకసారి తొందరపడింది చాలు, దీన్ని సాక్ష్యంలోంచి తీసేశాను.

నాలుగో ముక్క చివర మాత్రం ఒకటిన్నర అంగుళాల పొడవున సన్నటి తుప్పు గీత. సూది! గుడ్డకు గుచ్చి వదిలేస్తే అక్కడే ఉండి తుప్పుపట్టింది, ఎప్పుడో రాలిపోయింది. పని మానేసిన మనిషి సూది తీసి డబ్బాలో వేస్తుంది. గుచ్చి ఉంచిందంటే మళ్లీ కూర్చుంటాననే. దేనికోసం ఆగింది?

జవాబు నాకు తట్టలేదు. బొంత ఎలా కుట్టాలో పెద్దమ్మను అడిగితే తనకు తెలియకుండానే చెప్పేసింది. “పైన ఏ గుడ్డయినా పరవాలేదే. లోపల మాత్రం నాలుగైదు పాత నూలుచీరలు పడాలి. కట్టి కట్టి మెత్తబడ్డవి. కొత్తవి వేస్తే అట్టలా ఉంటుంది, ఒంటికి అంటుకోదు.”

పాత చీరలు. దండెం మీదివి, అటక మీది మూటలోవి, అన్నీ నీళ్లతో పోయాయి. పెట్టెలో మిగిలింది కొత్తగుడ్డ ముక్కలే. తర్వాత వచ్చినవీ సర్కారు చీర, దాతల చీర, అవి కట్టుకోవడానికే చాలవు. ఉన్న ఊరంతా ఒక్క రోజులో పాతబట్ట లేనిదైపోయింది. చీర పాతబడాలంటే ఏళ్లు పట్టదూ? అమ్మమ్మ ఆ ఏళ్ల కోసం ఆగిందని నా నమ్మకం. మరకలాగా తుప్పులాగా దీన్ని చూపించలేను.

దాతలు పాతవీ పంపారు కదా అని నేనే అడ్డుపడ్డాను. ఎన్టీఆర్, ఏయన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగిన రోజులవి, బస్తాలకొద్దీ బట్టలు రాలేదా? పెద్దమ్మ నవ్వింది. “వచ్చాయి. ఎవరు కట్టి విడిచిందో తెలియని చీర పిల్లల మీద కప్పుతుందా మా అమ్మ?” అమ్మ మాత్రం ఏమీ అనలేదు. ‘కళ్లు ఆనక’ అనడం ఆ రోజు నుంచి మానేసింది.

ఇప్పుడిక కుట్టడమే. తెల్లగుడ్డ తడిపి ఎర్రముక్క మీద అద్దితే ఇంకా గులాబీరంగు అంటుతోంది, అందుకని ఉతకలేదు. తుప్పు గీతనూ ముట్టుకోలేదు. ఆరో వరసలో తక్కువైన మూడు ముక్కలు నా పాత చుడీదార్లలోంచి కత్తిరించాను. తర్వాతి వరసలు అమ్మ లంగాలు, పెద్దమ్మ రవికెలు. లోపలికి అమ్మ నాలుగు చీరలు తెచ్చిచ్చింది. రెండు వెంకటగిరి, ఒక వాయిలు, ఒకటి ఏదో పేరు తెలియని గళ్ల నూలుచీర. వాయిలు చీరకు కొంగు దగ్గర చిరుగు.

“అది మడిచి లోపలికి పెట్టు, కనపడదు” అంది. నేల మీద చాప, దానిమీద చీరలు, అన్నిటికీ పైన అమ్మమ్మ ముక్కలు. నాలుగు మూలలా రుబ్బురాయి పొత్రాలు, ఇస్త్రీపెట్టె, దొరికిన బరువల్లా పెట్టి టాకాలు వేయడానికి ఇద్దరం చెరో పక్క కూర్చున్నాం. దారం అందుకుని అమ్మ రెండుమూడు సార్లు ప్రయత్నించి సూది నా చేతికిచ్చింది.

“నువ్వే ఎక్కించు. నాకు కళ్లు ఆనట్లేదు.”