మౌసమ్ వేరు, ఆబోహవా వేరు: ఇంగ్లిష్ పరీక్షకు పర్యావరణ పదాలు

ఐఈఎల్‌టీఎస్ రాసే మన పిల్లలకు పర్యావరణం మీద ప్రశ్న వచ్చిందంటే చాలు, అమెజాన్ అడవులు, ధ్రువపు ఎలుగుబంట్లు, కరిగే మంచు రాసేస్తారు. ఆదోనిలో పుట్టి పెరిగి, ఎండాకాలం బిందెలతో ట్యాంకర్ కోసం నిలబడ్డ పిల్లలు ఆ ట్యాంకర్ గురించి ఒక్క ముక్క రాయరు. మంచు సంగతి గైడులో ఉంది, ట్యాంకర్ సంగతి లేదు, అంతే. నేనూ అలాంటివాణ్ణే. బి.కాం. అయ్యాక మొదటిసారి పరీక్షకు కూర్చున్నప్పుడు 'పొల్యూషన్స్' అని నాలుగు చోట్ల రాసొచ్చాను. అందులో తప్పేంటో తర్వాత చెప్తాను.

నర్సింగ్ అయిన అమ్మాయిలు, పైచదువులకు బయటి దేశం వెళ్లాలనుకునేవాళ్లు ఆదోని, ఎమ్మిగనూరుల్లో ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నారు. అర బ్యాండు తగ్గితే మళ్లీ ఫీజు కట్టాలి, అది చిన్న మొత్తం కాదు. రైటింగ్‌లో రెండో టాస్క్‌కు సుమారు 40 నిమిషాలు, కనీసం 250 పదాలు. దాని మార్కుల్లో పావు వంతు పదజాలానికే. అంటే పెద్ద పెద్ద పదాలకు అనుకోవద్దు. సరైన చోట సరైన మాట పడిందా అన్నదే చూస్తారు. బట్టీ కొట్టిన వ్యాసమైతే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

ఇక్కడ మన ఇళ్ల పిల్లలకు ఒక సౌకర్యం ఉంది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. తెలుగులో 'వాతావరణం' అనే ఒక్క మాటతో చాలా పనులు నడిచిపోతాయి. వాతావరణ శాఖ రేపు వాన అంటే అదీ వాతావరణమే, వాతావరణ మార్పు అంటే అదీ వాతావరణమే. అందుకే పిల్లలు వెదర్, క్లైమేట్ కలిపేస్తారు. ఉర్దూలో ఆలోచిస్తే చిక్కు విడిపోతుంది. ఈరోజు మబ్బు పట్టింది అంటే మౌసమ్, అది వెదర్. మన ప్రాంతంలో ఏళ్ల తరబడి వానలు తక్కువ, ఎండలెక్కువ అంటే ఆబోహవా, అది క్లైమేట్. ఒక్క రోజు వడగాలి చూపించి 'క్లైమేట్ మారింది' అని రాస్తే తప్పు.

'మాహౌల్' కూడా అంతే. ఇంటి మాహౌల్ బాగుంది అంటాం కదా, అక్కడ ఇంగ్లిష్‌లో 'ఎ గుడ్ ఎన్విరాన్‌మెంట్'. చెట్లు, నీళ్లు, గాలి అన్న అర్థంలో అయితే ముందు 'ది' తప్పనిసరి: 'ప్రొటెక్ట్ ది ఎన్విరాన్‌మెంట్'. ఈ చిన్న 'ది' వదిలేసేవాళ్లే ఎక్కువ.

అయితే కరువు దగ్గర రెండు భాషలూ సాయం చేయవు. తెలుగులో కరువు, ఉర్దూలో ఖహత్, రెండూ రెండర్థాలు మోస్తాయి. ఇంగ్లిష్‌లో వాన పడకపోతే డ్రౌట్, తిండి దొరక్క మనుషులు చనిపోతే ఫ్యామిన్. 1876-78లో ఆదోని ఇంకా బళ్లారి జిల్లాలో ఉండేది (కర్నూలులో కలిసింది 1953లో). ఆ ఏళ్లలో ఇక్కడ వచ్చింది ఫ్యామిన్. ఇప్పుడు ప్రభుత్వం కరువు మండలాలు ప్రకటిస్తే అది డ్రౌట్. ఈ రోజుల కరువుకు ఫ్యామిన్ అని రాస్తే, చదివేవాడు శవాలను ఊహించుకుంటాడు. మన ప్రాంతానికి 'డ్రౌట్-ప్రోన్' అన్న మాట సరిగ్గా అతుకుతుంది. దానికి ముందు 'బిగ్' పెట్టొద్దు, 'సివియర్ డ్రౌట్' అంటారు.

కరువు వెనకే సుగ్గి వస్తుంది. కోసిగి, ఆదోని వైపు పల్లెల నుంచి గుంటూరు మిరపచేలకు కుటుంబాలు కుటుంబాలే పోతాయి. దీనికి ఇంగ్లిష్‌లో 'సీజనల్ మైగ్రేషన్' అనాలి. ఇమిగ్రేషన్ అంటే వేరే దేశంలోకి వెళ్లి స్థిరపడటం, దాన్ని ఇక్కడ వాడకూడదు.

బోరు సంగతి. 'మా బోర్ ఫెయిల్ అయింది' అని స్పీకింగ్‌లో చెప్తే ఎదుటివాళ్లు తికమకపడతారు, అక్కడ బోర్ అంటే విసుగు పుట్టించే మనిషి. 'అవర్ బోర్‌వెల్ హ్యాజ్ రన్ డ్రై' అనండి. చెరువును 'ట్యాంక్' అనడం కూడా మన దగ్గరే. వాళ్లకు ట్యాంక్ అంటే నీళ్ల తొట్టి, లేదా యుద్ధ ట్యాంకు. లేక్, రిజర్వాయర్ అనడం మేలు. భూగర్భ జలం తగ్గిపోవడాన్ని 'గ్రౌండ్‌వాటర్ డిప్లీషన్' అంటారు. కామర్స్ చదివినవాళ్లు దీన్ని మర్చిపోరు: యంత్రం అరిగితే డిప్రీసియేషన్, గనిలో ఖనిజం తోడేకొద్దీ తగ్గితే డిప్లీషన్. నీళ్లదీ అదే లెక్క. వాన నీరు ఇంకి మళ్లీ నిండితే 'రీఛార్జ్', ఫోనుకు చేసేదే.

మన కాలువకు నీళ్లొచ్చే తుంగభద్ర డ్యామ్ మీదే ఒక పేరా రాయొచ్చు. కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి 2016 సర్వే నాటికి దాదాపు 105 టీఎంసీలకు పడిపోయింది. పూడిక 'సిల్ట్', అది పేరుకోవడం 'సిల్టేషన్'. టీఎంసీ అంటే బయటివాళ్లకు తెలియదు, 'బిలియన్ క్యూబిక్ ఫీట్' అని రాయాలి. లక్ష, కోటి కూడా మిలియన్లలోకి మార్చుకోవాలి. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయింది: 'వాష్డ్ అవే'. కాలువ గట్టుకు గండి పడితే 'బ్రీచ్'. 2009 అక్టోబరులో మంత్రాలయాన్ని ముంచినట్టు నది పొంగితే 'ది రివర్ బర్స్ట్ ఇట్స్ బ్యాంక్స్'. నాలాంటి బి.కాం. వాళ్లు కంగారు పడొద్దు, ఇక్కడ బ్యాంక్ అంటే నది గట్టు!

కాలుష్యం మాటలు త్వరగా చూద్దాం. పొల్యూషన్, వేస్ట్, గార్బేజ్, డిఫారెస్టేషన్‌లకు ఈ అర్థంలో చివర 'ఎస్' రాదు. నా తప్పు అదే. ఎక్కువ తక్కువలు చెప్పాలంటే 'హై లెవెల్స్ ఆఫ్ పొల్యూషన్'. గొట్టంలోంచి పొగ పోతే ఎమిషన్స్, దీనికి మాత్రం 'ఎస్' ఉంటుంది. ఎమ్మిగనూరు మగ్గాల నూలు అద్దకంలో మిగిలే రంగునీళ్ల వంటి ద్రవాలు ఎఫ్లుయెంట్. దాన్ని 'ఎ'తో మొదలుపెట్టి ఆఫ్లుయెంట్ అని రాస్తే డబ్బున్నవాడు అయిపోతాడు. ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో గాలిలో తేలే పత్తి దుమ్మును 'కాటన్ డస్ట్' అంటే చాలు.

పదం తేడా పరీక్షకే కాదు, ఊరికీ పనికొస్తుందని కప్పట్రాళ్ల చూపించింది. దేవనకొండ మండలంలోని ఆ అడవిలో యురేనియం కోసం బోర్లు వేయాలన్న ప్రతిపాదన మీద 2024 చివర్లో చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. 'ఎక్స్‌ప్లొరేషన్' అంటే ఖనిజం ఉందా లేదా అని వెతకడం. 'మైనింగ్' అంటే తవ్వి తీయడం. ఊళ్లవాళ్ల భయం రెండోదాని గురించి, కాగితం మీద ఉన్నది మొదటిది. రీడింగ్‌లో ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ ప్రశ్నలు సరిగ్గా ఇలాంటి చోటే పట్టుకుంటాయి. పేరాలో వెతకడం గురించే ఉండి, ప్రశ్నలో తవ్వకం మొదలైందని ఉంటే, తవ్వకం ఊసే లేదు కాబట్టి జవాబు నాట్ గివెన్.

స్పెల్లింగులు రెండు. ఎన్విరాన్‌మెంట్‌లో 'ఎమ్'కు ముందు 'ఎన్' ఉంటుంది, గవర్నమెంట్‌లో ఉన్నట్టే. కరువు మాటలో 'జీ', 'హెచ్' రాయాలి కానీ పలకకూడదు. 'అవుట్' అన్నట్టే డ్రౌట్. డ్రాఫ్ట్ అని పలికితే అది బ్యాంకులో తీసేది.