తూము, మత్తడి, సేవానిరాకరణ

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కుతుబ్‌షాహీల నాటిది. 1550 నుండి 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కులీ, తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్న ప్రభువు, ఊరి పేరులో ఇంకా ఉన్నాడు. నిజాముల కాలంలో చందనవెల్లి వద్దనుండి ఫిరంగి కాలువ తవ్వి ఈ చెరువుకు నీరు తెచ్చారు. చెరువులు కట్టినవారికి ఒక సంగతి బాగా తెలుసు. తూము కొంత నీటినే వదలగలదు. మించినది మత్తడి దూకవలె. మత్తడి చాలనినాడు కట్ట తెగును. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో ఎగువ చెరువులు అనేకం తెగి హైదరాబాదుపై పడిన వైనం మనవారికి కొత్త గాదు.

అంతర్జాలాన్ని కట్టినవారు మత్తడి సంగతి ఆలస్యంగా తలచారు. సేవానిరాకరణ దాడులు ఆ లోటులోనే పుట్టాయి. ఇందులో దొంగ దేనినీ ఎత్తుకుపోడు, తాళం పగులగొట్టడు. గుమ్మాన్ని నింపివేస్తాడు, అంతే. రావలసినవారు బయటనే నిలిచిపోతారు.

1996 సెప్టెంబరులో న్యూయార్కులోని పానిక్స్ అనే అంతర్జాల సేవాసంస్థకు జరిగినదిదే. రెండు కంప్యూటర్లు మాట కలపాలంటే మొదటిది పలకరించాలి, రెండవది బదులివ్వాలి, మొదటిది సరేననాలి. రెండవది ఆ "సరే" కోసం తన పట్టికలో ఒక గడి ఖాళీగా ఉంచి ఎదురుచూస్తుంది. దాడిచేసినవాడు దొంగ చిరునామాలతో పలకరింపులు గుప్పించి, "సరే" మాత్రం ఎన్నడూ పంపలేదు. రిజిస్ట్రారు కచేరీలో ఎవడో లేని మనుషుల పేర టోకెన్లన్నీ తీసుకొని పోయినట్లు. పట్టిక నిండింది, నిజమైన చందాదారులు రోజుల తరబడి ఇబ్బందిపడ్డారు.

దీనికి డేనియల్ బెర్న్‌స్టీన్ అదే నెలలో చూపిన ఉపాయం నాకు ఇప్పటికీ ముచ్చటగా తోస్తుంది. పట్టికలో గడి ఉంచనేల? గుర్తును వచ్చినవాని చేతిలోని టోకెను మీదనే వేసి పంపితే సరి. నిజంగా ఉన్నవాడైతే దానిని పట్టుకొని తిరిగి వస్తాడు, చోటు అప్పుడిద్దాము. దొంగ చిరునామాలకు మాత్రం మందు వేరు: ప్రతి సంస్థా తన గడప దాటే ఉత్తరంపై తన చిరునామాయే ఉన్నదో లేదో చూడాలని 2000 మే నెలలో ఒక ప్రమాణపత్రం వెలువడింది. ఖర్చు తనది, మేలు పొరుగువానిది. ఊరుమ్మడి కాలువ పూడిక తీయవలసినప్పుడు ఏమవుతుందో అదే అయింది.

ఆ ఏడే ఫిబ్రవరిలో కెనడాలో ఒక పదిహేనేళ్ళ బాలుడు యాహూ, ఈబే, అమెజాన్ వంటి వాటిని గంటలపాటు మూయించాడు. అంతకంటె మన ఇంజనీరింగు విద్యార్థులు తెలిసికోవలసినది న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయపు కథ. 2014 నుండి 2016 దాకా ఆ విద్యాలయపు జాలాన్ని మాటిమాటికీ కూల్చినవాడు అక్కడి విద్యార్థియే, పేరు పరాస్ ఝా. తరువాత మరి ఇద్దరితో కలిసి, ఊరూరా ఇళ్ళలో మార్చని సంకేతపదాలతో పడివున్న కెమెరాలను, రూటర్లను చెరబట్టి మీరాయ్ అనే సైన్యాన్ని తయారుచేశాడు. 2018లో న్యూజెర్సీ న్యాయస్థానం ఆరు నెలల గృహనిర్బంధం, 86 లక్షల డాలర్ల పరిహారం విధించింది. మనదేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల క్రింద ఇది మూడేండ్ల జైలు, ఐదు లక్షల జరిమానా దాకా తేగల నేరం.

అయితే గుమ్మం నిండిన ప్రతిసారీ శత్రువే వచ్చాడనలేము. 2021 ఏప్రిల్ 28న పద్దెనిమిదేండ్లు నిండినవారికి టీకా నమోదు తెరవగానే కోవిన్ మొరాయించింది, వచ్చినది జనం. జనసమ్మర్దాన్ని, దానివలె వేషం వేసిన దాడిని వేరుచేయడమెట్లన్నది 2005లో కందుల శ్రీకాంత్, దీనా కతాబీ ప్రభృతులు చేసిన పరిశోధనకు విషయమైంది. యంత్రం చదువలేని చిన్న చిక్కుప్రశ్న వేసి చూడడం, జవాబు చెప్పక మళ్ళీ మళ్ళీ తలుపు తట్టేవానిని గుర్తుపట్టడం వారి మార్గం.

ఈ తేడా పండితచర్చ కాదు. 2017 మే నెలలో అమెరికా సమాచార సంఘం, ఎఫ్‌సీసీ, తన సైటు పడిపోవడానికి దాడియే కారణమన్నది. 2018 ఆగస్టులో దాని సొంత తనిఖీ అధికారి దాడి లేదని తేల్చాడు. ఒక హాస్య కార్యక్రమం చూసి ప్రజలు తమ అభిప్రాయం చెప్పుకోవడానికి వెల్లువగా వచ్చారు! పౌరులనే దుండగులుగా లెక్కవేశారన్నమాట.

మీసేవ కిటికీ ముందు పొద్దుటినుండి నిలుచున్న రైతుకు వినబడేవి రెండే మాటలు, "సర్వర్ డౌన్". వెనుక ఉన్నది వెల్లువో, దాడియో, సామర్థ్యం చాలని యంత్రమో ఆ మాటలలో తెలియదు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సేవానిరాకరణ దాడి జరిగితే తెలిసిన ఆరు గంటలలో ఆ సంస్థకు తెలియజేయాలి, యంత్రపు చిట్టాలు 180 రోజులు దాచిపెట్టాలి. కారణమేమిటో ఆ రైతుకు కూడా చెప్పవలెనన్న నియమం మాత్రం ఆ ఆదేశాలలో లేదు.