అవ్వ ఒడిలో మొదటి పాఠం



మీ పిల్లలను సంగీతానికో నాట్యానికో పంపుతున్నారా? పంపుతుంటే, ఆ పాఠం అయ్యేదాకా పంతులమ్మగారి ఇంటి అరుగు మీద కూర్చుని కనిపెట్టుకుని ఉండేది ఎవరండీ? చాలా ఇళ్ళల్లో అవ్వో, తాతో అయి ఉంటారు. మనకు పొయ్యి దగ్గర పని తెమలదు, వారికి ఆఫీసు తెమలదు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతికి రాగానే నేను సంగీతం మానిపించాను. లెక్కల్లో వెనకబడింది, పైగా నెలనెలా ఫీజు ఒకటీ. మా అత్తగారు మారుమాట్లాడలేదు. మర్నాడు వక్కాకు సంచిలోంచి మడతలు పడ్డ నోట్లు తీసి నా చేతిలో పెట్టి, "సదువు నువ్వు చూసుకోమ్మా, పాట నేను చూసుకుంటా" అన్నారు. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు కోపమే వచ్చింది. కాని మన సీమ చరిత్ర కొంచెం తిరగేస్తే, ఆవిడ చేసినది కొత్త పని కాదని తెలిసింది.

ధర్మవరం అనగానే మనకు పట్టుచీరలే గుర్తుకొస్తాయి. ఆ మండలంలోనే నిమ్మలకుంట అనే ఊరు ఉన్నది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది గాని, అంతకు ముందు అది మన అనంతపురం జిల్లాదే. అది తోలుబొమ్మలాటవారి ఊరు.

ఈ ఆట నిన్న మొన్నటిది కాదు. 13వ శతాబ్దంలోనే పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో దీన్ని పేర్కొన్నాడు. తరువాతి కాలంలో మహారాష్ట్ర దేశం నుంచి వచ్చిన కుటుంబాలు ఈ కళను చేపట్టాయి. వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ, తెర మీద పాడేది తెలుగు! గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణంలోని ద్విపదలు వాళ్ళ నోట తరతరాలుగా నిలిచాయి.

మరి పరాయి భాషలో అన్ని పద్యాలు, అన్ని పాటలు పిల్లలకు ఎలా వచ్చాయంటారు? బడి లేదు, పుస్తకం లేదు. ఆట అంటే ఇంటిల్లిపాదీ చేసే పని. ఒకరు హార్మోనియం, ఒకరు మద్దెల, ఒకరు తాళాలు. ఆడవాళ్ళు సీత మాటలు, పాటలు అందుకుంటారు. యుద్ధం వచ్చిందంటే కాలి కింద చెక్కలు టకటకలాడాలి. నిలువెత్తు బొమ్మలను రాత్రంతా ఆడించే తల్లిదండ్రులకు చేతులు ఖాళీ ఉండవు. ఇక పిల్లవాడి చేతికి తాళాలిచ్చి, తప్పితే తొడ మీద తట్టి సరిచేసేది తెర వెనుక కూర్చున్న పెద్దవాళ్ళే. ఆ ఒడే వాళ్ళకు సంగీత కళాశాల.

ఇందులో కరువు పాత్ర కూడా ఉన్నదండీ. మన జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ వేళకు పడితే కదా! విరాటపర్వం ఆడిస్తే వాన కురుస్తుందని పల్లెల్లో నమ్మకం. వాన చుక్క లేనప్పుడే ఆటవాళ్ళకు పిలుపు వచ్చేది. కాని పంటలు ఎండిన ఊళ్ళో వాళ్ళకు గింజలు పోసేవారెవరు? తల్లిదండ్రులు కూలికి వలసపోతే, పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగిలేవాళ్ళు. పిల్లలతో పాటు పాట కూడా ఆ ముసలివాళ్ళ దగ్గరే మిగిలింది.

తరువాత సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, రాత్రి ఆటలు తగ్గిపోయాయి. మేకతోలు మీద రంగులు వేసే చేతులు ఇప్పుడు ల్యాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేస్తున్నాయి. వాటికి కొనేవాళ్ళున్నారు కాబట్టి చేతిపని బతికింది. మంచిదే. కాని పాటను ఎవరు కొంటారు? అది తోలు మీద ఉండదు, మనిషి గొంతులో ఉంటుంది. ఒక తరం నేర్వకపోతే మరుసటి తరానికి చెప్పేవారే ఉండరు. చిన్ననాటి నుంచి ఇంటి పెద్దల దగ్గర ఈ విద్య నేర్చిన నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మనమంతా సంతోషించాము. అయితే ఆ బిరుదు వెనుక, పేరైనా తెలియని అవ్వలూ తాతలూ ఎందరున్నారో ఆలోచించండి.

నాకు తోచినది ఒక్కటే. తల్లిదండ్రులం పిల్లలకు కూడు పెట్టే విద్య వెతుకుతాము. అది మన ధర్మం, తప్పు లేదు. కూడు పెట్టని విద్యను కాపాడే ఓపిక మాత్రం పెద్దవాళ్ళకే ఉంటుంది. వాళ్ళకు ఫలితం తొందర లేదు. పిల్ల ఫస్టు రాకపోయినా ఫరవాలేదు, పాడితే చాలు.

మా అత్తగారి నోట్లు ఆవిడకు తిరిగి ఇచ్చేశాను, సంగీతం మాత్రం మాన్పించలేదు. లెక్కలు సాయంత్రం, పాట పొద్దున్నే అని వేళలు మార్చుకున్నాము. పొద్దున్నే చాప పరిచేది, శ్రుతిపెట్టె దుమ్ము దులిపేది ఆవిడే. ఇప్పుడు తాళం తప్పితే మనవరాలి తొడ మీద చిన్న దెబ్బ కూడా పడుతున్నది!

మీ ఇంట్లోనూ అటువంటి పెద్ద చెయ్యి ఉంటే, "మీకెందుకులే అత్తయ్యా" అనకండి. ఆ చేతికి ఒక చాప, ఒక గంట వేళ అప్పగించండి. సెలవు.