పాట పుట్టకముందే కొన్నవాళ్లు

ఈ రోజుల్లో చిన్న సినిమా తీయాలన్నా, పుస్తకం అచ్చేయించుకోవాలన్నా, ఆసుపత్రి బిల్లు కట్టాలన్నా ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరిచి పదిమందినీ తలా కొంత వేయమని అడగడం మామూలైపోయింది. క్రౌడ్‌ఫండింగ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది అమెరికాలో 2009లో మొదలైన కిక్‌స్టార్టర్. దానికి ఎనిమిదేళ్ల ముందే ఇంగ్లండ్‌లో అయిదుగురు సంగీతకారులు, ఇంకా పాటలే కట్టని ఆల్బమ్‌కు 12 వేలకు పైగా ఆర్డర్లు సంపాదించారు. ఆ డబ్బుతోనే పాటలు కట్టారు, రికార్డు చేశారు. ఆ బ్యాండ్ పేరు మారిలియన్. ప్రోగ్రెసివ్ రాక్ అనే సంగీతం ఇష్టపడేవాళ్లకు తప్ప మన దగ్గర ఎక్కువమందికి తెలియని పేరు.

మారిలియన్ ఆల్బమ్‌లను విడుదలైన వరసలో వింటూ పోతే నాకు ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. ఏ ఆల్బమ్ వెనక ఎవరి డబ్బు ఉందో ఆ పాటల నిడివిలో, తీరులో తెలిసిపోతుంది. అందుకే వీళ్ల కథను పాటల కథగానూ, డబ్బు కథగానూ కలిపి చెప్పాలి.

1979లో బకింగ్‌హామ్‌షైర్‌లోని ఎయిల్స్‌బరీ పట్టణంలో ఈ బ్యాండ్ మొదలైంది. మొదట పెట్టుకున్న పేరు సిల్మరిలియన్. టోల్కీన్ పుస్తకం పేరది. తర్వాత ముందు అక్షరాలు తీసేసి మారిలియన్ అయ్యారు. గిటార్ వాయించే స్టీవ్ రాదరీ ఆ ఏడాది నుంచే ఉన్నాడు. 1981లో ఇద్దరు వచ్చారు. కీబోర్డు వాయించే మార్క్ కెల్లీ ఒకడు. రెండోవాడు ఆరడుగులు దాటిన స్కాట్లండ్ గాయకుడు డెరెక్ డిక్, అందరూ పిలిచే పేరు ఫిష్. ఆ తర్వాత బేస్ గిటార్‌కు పీట్ ట్రెవావస్, డ్రమ్స్‌కు ఇయాన్ మోస్లీ చేరారు.

అప్పటికి ఇంగ్లండ్‌లో పంక్ అనే సంగీతం వచ్చి, ప్రోగ్రెసివ్ రాక్‌లోని ఇరవై నిమిషాల పాటలనూ కీబోర్డు ఆర్భాటాలనూ పాతచింతకాయ పచ్చడి కింద జమకట్టేసింది. అలాంటి సమయంలో 1982లో ఇ.ఎం.ఐ. కంపెనీ వీళ్లను తీసుకుంది. మొదటి సింగిల్ 'మార్కెట్ స్క్వేర్ హీరోస్' పన్నెండు అంగుళాల రికార్డులో రెండో వైపు 'గ్రెండెల్' అనే పదిహేడు నిమిషాల పాట పెట్టారు. కాలం ఎటు పోతున్నా తమ దారి ఇదేనని మొదటి రికార్డుతోనే చెప్పేశారు.

పెద్ద కంపెనీ డబ్బు పెడితే ఏమేం జరగొచ్చో ఆ తర్వాతి ఏళ్లలో మంచీ చెడూ రెండూ చూశారు. 1983లో 'స్క్రిప్ట్ ఫర్ ఎ జెస్టర్స్ టియర్' బ్రిటన్ ఆల్బమ్ పట్టికలో ఏడో స్థానానికి చేరింది. 1985లో పశ్చిమ బెర్లిన్‌కు వెళ్లి, బెర్లిన్ గోడకు దగ్గరలోనే ఉన్న హాన్సా స్టూడియోలో 'మిస్‌ప్లేస్డ్ చైల్డ్‌హుడ్' రికార్డు చేశారు. పాటకూ పాటకూ మధ్య విరామం లేకుండా ఒక్క కథలా సాగే ఆల్బమ్ అది. మొదటి స్థానానికి వెళ్లింది. అందులోంచి తీసిన 'కేలీ' సింగిల్స్‌లో రెండో స్థానం దాకా పోయింది. ఆ పాట వచ్చాక బ్రిటన్‌లో పుట్టిన ఆడపిల్లలు ఎంతోమందికి అదే పేరు పెట్టారు.

1988లో ఫిష్ వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది స్టీవ్ హోగార్త్ వచ్చాడు. గొంతు వేరు, పాట రాసే పద్ధతి వేరు. కంపెనీ మాత్రం ఇంకో 'కేలీ' కోసం ఎదురుచూస్తూనే ఉంది.

నా దృష్టిలో ఆ ఎదురుచూపు బెడిసికొట్టింది 1994లో వచ్చిన 'బ్రేవ్' దగ్గర. బ్రిటన్‌లో సెవర్న్ నది మీది వంతెన దగ్గర ఒక అమ్మాయి దొరికింది, తానెవరో చెప్పడం లేదు, తెలిసినవాళ్లు కబురు చేయండని పోలీసులు రేడియోలో చేసిన ప్రకటన హోగార్త్ విన్నాడు. ఆ అమ్మాయి అక్కడిదాకా ఎలా వచ్చి ఉంటుందన్న ఊహే డెబ్బై నిమిషాల ఆల్బమ్ అయింది. ఫ్రాన్స్‌లో మరువాట్ అనే పాత కోటలో మకాం వేసి, నిర్మాత డేవ్ మీగన్‌తో నెలల తరబడి పనిచేశారు. ఎల్.పి. రికార్డు చివరి వైపు ఒక గాడికి బదులు రెండు గాడులు పక్కపక్కనే చెక్కించారు. ముల్లు ఒక గాడిలో పడితే కథ ఆశ మిగిల్చే పాటతో ముగుస్తుంది, రెండో దాంట్లో పడితే నీళ్ల చప్పుడుతో ముగుస్తుంది. ఏది వినాలో వినేవాడి చేతిలో లేదు. వింటున్న కథ ఎటు తిరుగుతుందో తెలియని ఆ భయాన్ని ప్లాస్టిక్ మీద చెక్కి చూపించారు. నేను మాత్రం దీన్ని వీళ్ల గొప్ప పనుల్లో ఒకటిగా లెక్కేస్తాను.

కంపెనీ లెక్క వేరు. ఖర్చు ఎక్కువ, కాలం ఎక్కువ, చేతికొచ్చిన సింగిల్ లేదు. తర్వాతి ఆల్బమ్ 'అఫ్రెయిడ్ ఆఫ్ సన్‌లైట్' 1995లో వచ్చాక ఇ.ఎం.ఐ.తో బంధం తెగిపోయింది.

ఇక్కడ రికార్డు కంపెనీల ఒప్పందం ఎలా ఉండేదో చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. కంపెనీ అడ్వాన్సు ఇస్తుంది. స్టూడియో అద్దె, నిర్మాత జీతం, అన్నీ అందులోంచే. ఆ మొత్తాన్ని బ్యాండ్‌కు రావలసిన రాయల్టీలోంచి కంపెనీ వెనక్కి రాబట్టుకుంటుంది. పూర్తిగా రాబట్టుకున్నాక కూడా మాస్టర్ టేపులు, అంటే అసలు రికార్డింగులు, కంపెనీవే. పెట్టుబడికి అప్పిచ్చిన షావుకారుకే, అతను చెప్పిన ధరకే పంట అమ్మే రైతు పరిస్థితి మనకు తెలిసిందే. లండన్‌లో గిటార్ పట్టుకున్నవాడి పరిస్థితీ దాదాపు అదే.

తర్వాత కాజిల్ అనే చిన్న కంపెనీతో మూడు ఆల్బమ్‌లకు కుదిరింది. 1997లో 'దిస్ స్ట్రేంజ్ ఇంజిన్', 1998లో 'రేడియేషన్', 1999లో 'మారిలియన్ డాట్ కామ్'. పట్టికలో స్థానం 27, 35, 53. చూస్తే ఇక ముగిసిపోయిన బ్యాండ్ అనే అనిపిస్తుంది. అసలు మలుపు ఈ దిగజారుడు మధ్యలోనే మొదలైంది.

1990ల్లో ఇంటర్నెట్ ఇంకా కొద్దిమందిదే. మారిలియన్ అభిమానులు ఈమెయిల్ ద్వారా ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు. మార్క్ కెల్లీకి కంప్యూటర్లంటే ఇష్టం. వాళ్ల ఉత్తరాలను చాలాకాలం మాట్లాడకుండా చదివాడు, తర్వాత తనూ జవాబులివ్వడం మొదలుపెట్టాడు. అమెరికాకు ఎప్పుడొస్తారని వాళ్లు అడిగితే ఉన్నమాట చెప్పాడు. అమెరికా పర్యటన చేసిన ప్రతిసారీ నష్టమే, ఆ లోటు ఇదివరకు కంపెనీ పూడ్చేది, ఇప్పుడు పూడ్చేవాళ్లు లేరు, దాదాపు 60 వేల డాలర్లు కావాలి అని.

అయితే ఆ డబ్బు మేమే పోగుచేస్తామని అభిమానుల్లో ఒకరన్నారు. బ్యాండ్ ఆ డబ్బును తాము ముట్టుకోమంది. అభిమానులే ఒక ఖాతా తెరిచారు. పర్యటన జరగకపోతే ఎవరిది వాళ్లకు వెనక్కి వెళ్లేలా ఏర్పాటు చేసుకున్నారు. కొద్ది వారాల్లోనే వేల డాలర్లు జమయ్యాయి, చివరికి 60 వేలు అందాయి. డబ్బు వేసినవాళ్లు టికెట్లు మళ్లీ విడిగా కొనుక్కున్నారు. 1997లో ఆ పర్యటన జరిగింది.

పదిమందీ తలా ఇంత వేసుకోవడం ప్రపంచానికి కొత్త కాదు. 1976లో శ్యామ్ బెనెగల్ 'మంథన్' సినిమాకు గుజరాత్ పాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేశారు. అక్కడ వాళ్లను కలిపి ఉంచడానికి సహకార సంఘాలున్నాయి. అమెరికాలోని ఈ అభిమానుల్లో చాలామంది ఒకరి మొహం ఒకరు చూసినవాళ్లు కారు. ఉన్నదల్లా ఈమెయిల్ చిరునామా, ఒక బ్యాండ్ మీద ప్రేమ. అంతమాత్రం చాలని రుజువైంది. ఈ కథలో కొత్తగా కనిపెట్టింది అదేనని నా నమ్మకం.

కాజిల్ ఒప్పందం ముగిశాక కొత్త కంపెనీల దగ్గరికి వెళ్తే దొరికేది ఇంకా తక్కువ అడ్వాన్సు, హక్కులు మళ్లీ వాళ్లవే. అప్పుడు కెల్లీకి ఆ పర్యటన డబ్బు గుర్తొచ్చింది. అప్పటికి బ్యాండ్ దగ్గర సుమారు 6 వేల మంది ఈమెయిల్ చిరునామాలున్నాయి. వాళ్లకు ఒకే ప్రశ్న పంపారు: మేమింకా రికార్డు చేయని ఆల్బమ్‌ను ఇప్పుడే డబ్బు కట్టి కొంటారా? ఎక్కువమంది కొంటామన్నారు. ఆర్డర్లు తెరిస్తే 12 వేలు దాటాయి.

బకింగ్‌హామ్‌షైర్‌లోనే రాకెట్ క్లబ్ అని వీళ్లకు సొంత స్టూడియో ఉంది. పైకి చూస్తే షెడ్డులాంటి మామూలు కట్టడం. వీళ్లు పాట కట్టే పద్ధతి నిదానమైనది. ముందుగా ఎవరూ పూర్తి పాట రాసుకురారు. అయిదుగురూ కూర్చుని తోచింది వాయిస్తూ పోతారు, అంతా రికార్డవుతూ ఉంటుంది. గంటల తరబడి పోగైన దాన్ని మళ్లీ విని, ఇక్కడో నిమిషం అక్కడో నిమిషం మంచిది ఏరి పెట్టుకుంటారు. ఆ ముక్కలకు హోగార్త్ తన నోట్‌బుక్కుల్లోని మాటలు అతికించి చూస్తాడు. నెలలు పట్టే పని. స్టూడియో అద్దె మీటరు తిరుగుతుంటే, కంపెనీ నుంచి సింగిల్ ఏదని ఫోన్లు వస్తుంటే ఇలా పనిచేయడం కష్టం. ముందే డబ్బు కట్టిన 12 వేల మందిలో సింగిల్ అడిగినవాళ్లు లేరు.

2001 మేలో ఆ ఆల్బమ్ 'అనొరాక్‌నోఫోబియా' వచ్చింది. తమ దారి తాము చూసుకున్నారని తెలిశాక ఇ.ఎం.ఐ.తోనే మళ్లీ మాట కుదిరింది. ఈసారి పంపిణీ వరకే, హక్కులు బ్యాండ్‌వే. ఆరేళ్ల క్రితం వదిలేసిన కంపెనీ గుమ్మంలోకే ఆల్బమ్ చేతపట్టుకుని సమానస్థాయిలో వెళ్లారు. ఈ కథలో నాకు బాగా నచ్చే ఘట్టం ఇదే.

2004లో వచ్చిన 'మార్బుల్స్' ఈ పద్ధతికి పూర్తి ఫలం. ఈసారి ముందస్తు డబ్బును ప్రచారానికీ వాడారు. దుకాణాల్లో దొరికింది ఒక సీడీ ఆల్బమ్. బ్యాండ్ నుంచి నేరుగా కొన్నవాళ్లకు రెండు సీడీలు. గడువులోగా ముందస్తుగా కట్టినవాళ్లకు అట్టబైండు పుస్తకంలో తమ పేర్లు కూడా అచ్చయి వచ్చాయి. 'యూ ఆర్ గాన్' సింగిల్‌ను అభిమానులు పట్టుబట్టి కొని ఏడో స్థానానికి చేర్చారు. 1987 తర్వాత మొదటి పది స్థానాల్లోకి వీళ్ల పాట రావడం అదే మొదలు.

నాకు ముఖ్యమనిపించేది ఆ రెండో సీడీ తెచ్చిన చోటు. 'ఓషన్ క్లౌడ్' అనే పాట రెండు సీడీల వాళ్లకే దొరికింది. దాదాపు 18 నిమిషాలు. అట్లాంటిక్ మహాసముద్రాన్ని రెండు దిశలా తెడ్డు వేసి దాటిన మొదటి మనిషి డాన్ ఆలమ్ స్మృతిలో కట్టింది. ఒంటరిగా పడవలో ఉన్నవాడి లోపల ఏం జరుగుతుందో పాట నెమ్మదిగా విప్పుతుంది. మొదట్లో గిటార్ తీగ మీద రాదరీ ఒక్కో స్వరాన్నీ సాగదీసి వదిలిపెడతాడు, నీళ్లు తప్ప ఇంకేం లేని చోటు కళ్లకు కడుతుంది. అప్పుడు అలజడి వస్తుంది, పోతుంది, మళ్లీ రెండింతలై వస్తుంది. తుపాను దాటాక హోగార్త్ గొంతులో గెలిచిన సంబరం వినిపించదు, అలసట వినిపిస్తుంది. ఇందులో ఏ నాలుగు నిమిషాలు కోసి రేడియోకిచ్చినా పాట చచ్చిపోతుంది. కంపెనీ డబ్బుతో అయితే ఇది ఇంత నిడివిలో బతికి బయటపడేదని నేననుకోను.

తర్వాతి ఏళ్లలో ఎన్నో దారులు ప్రయత్నించారు. 2008లో 'హ్యాపీనెస్ ఈజ్ ది రోడ్' ఆల్బమ్‌ను ఫైళ్లు పంచుకునే నెట్‌వర్కుల్లో తామే పెట్టి, డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లను నేరుగా పలకరించారు. 2016లో 'ఫియర్'కు ప్లెడ్జ్‌మ్యూజిక్ అనే సంస్థ ద్వారా ఆర్డర్లు తీసుకున్నారు. మూడు సుదీర్ఘమైన పాటలను వెన్నెముకగా పెట్టుకున్న ఆ ఆల్బమ్ నాలుగో స్థానానికి చేరింది. 2019లో ప్లెడ్జ్‌మ్యూజిక్ కుప్పకూలింది. శ్రోతలు కట్టిన డబ్బు ఎంతోమంది కళాకారులకు అందనే లేదు. 1997లో అభిమానులు ఖాతా ఎవరి చేతిలో ఉండాలని అంత పట్టింపుగా ఎందుకు ఆలోచించారో అప్పుడు చాలామందికి అర్థమై ఉంటుంది.

2021 నవంబర్‌లో బ్రిటన్ పర్యటనకు బయల్దేరేటప్పుడు కోవిడ్ వల్ల రద్దయితే నష్టం పూడ్చే బీమా దొరకలేదు. అయిదుగురిలో ఒకరికి జబ్బుచేసినా బస్సులు, లైట్లు, సిబ్బంది ఖర్చంతా బ్యాండ్ నెత్తిన పడేది. అభిమానులు లక్షా 50 వేల పౌండ్లకు పైగా హామీగా వేశారు. పర్యటన సవ్యంగా పూర్తయితే ఎవరి డబ్బు వాళ్లకు తిరిగిచ్చేయాలన్నది షరతు. ఆ తర్వాత 2022 మార్చిలో 'యాన్ అవర్ బిఫోర్ ఇట్స్ డార్క్' వచ్చి రెండో స్థానంలో నిలిచింది. అందులో చివరి పాట 'కేర్' పదిహేను నిమిషాలు. దాని చివరి భాగాన్ని ఆసుపత్రుల్లో రోగులను కనిపెట్టుకున్న సిబ్బందికి అంకితమిచ్చారు.