పర్వత సింహం ఎదురైతే పరుగు ప్రమాదకరం: ప్యూమా స్వభావం, పాటించవలసిన జాగ్రత్తలు

ఉత్తర అమెరికా కొండదారుల్లో నడిచేవారికి అరుదుగా తారసపడే పెద్ద వేటజంతువు ప్యూమా. అమెరికాలో దీనిని మౌంటెన్ లయన్ అనీ, కౌగర్ అనీ పిలుస్తారు. తెలుగులో పర్వత సింహం అనవచ్చు. ఇది ఎదురైన క్షణంలో ఎవరికైనా మొదట కలిగే ఆలోచన పారిపోవడం. ప్రమాదాన్ని పెంచేది కూడా అదే. కాలిఫోర్నియా, వాషింగ్టన్, కొలరాడో రాష్ట్రాల్లో చదువు, ఉద్యోగాల నిమిత్తం ఉంటున్న తెలుగువారు, వారిని చూడడానికి వెళ్లే తల్లిదండ్రులు సెలవు దినాల్లో నడిచే అడవిబాటల్లో చాలావరకు ఈ జంతువు సంచరించే ప్రాంతాల్లోనే ఉన్నాయి.

పేరుకే సింహం

ప్యూమా శాస్త్రీయ నామం ప్యూమా కాంకలర్. కాంకలర్ అంటే ఒకే రంగు కలది అని అర్థం. పెద్ద ప్యూమా ఒంటిపై చిరుతకు ఉన్నట్లు మచ్చలు ఉండవు. పిల్లలకు ఉండే మచ్చలు పెరిగే కొద్దీ మాసిపోతాయి. సింహం, పెద్దపులి, చిరుత ఒక వర్గానికి చెందినవి కాగా, ప్యూమా వేరే శాఖకు చెందినది. అది గర్జించలేదు, పిల్లిలా గురగురలాడుతుంది. మగ ప్యూమా సాధారణంగా 50 నుంచి 80 కిలోల బరువు ఉంటుంది, ఆడది అంతకంటే చిన్నది.

కెనడాలోని యూకాన్ నుంచి దక్షిణ అమెరికా దక్షిణ భాగం వరకు ప్యూమాలు విస్తరించి ఉన్నాయి. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో మాత్రం ఫ్లోరిడాలోని కొద్దిపాటి సంతతి తప్ప మిగిలినవి వేట కారణంగా అంతరించాయి.

ప్రమాదం ఎంత?

మనిషి అలికిడి వినగానే ప్యూమా సాధారణంగా తప్పుకుంటుంది. అమెరికా, కెనడాల్లో గత వందేళ్లకు పైగా కాలంలో దీని దాడుల్లో మరణించినవారి సంఖ్య సుమారు 30 మాత్రమే. కాలిఫోర్నియాలో 2004 తర్వాత 2024 మార్చి వరకు, అంటే 20 ఏళ్లపాటు, ఒక్క మరణం కూడా నమోదు కాలేదు. ఆ నెలలో ఎల్‌డొరాడో కౌంటీలో జరిగిన దాడిలో ఒక యువకుడు మృతి చెందాడు.

దాడులు అరుదే అయినా, అవి జరిగే తీరు వెనుక ఒక కారణం ఉంది. ప్యూమా ప్రధాన ఆహారం జింక. మాటు వేసి, వెనుక నుంచి దూకి, మెడ కొరికి చంపడం దాని వేట పద్ధతి. తనను గమనించని, వీపు తిప్పిన, వంగిన, పరుగెత్తే ప్రాణి దాని కంటికి వేట జంతువులా కనిపిస్తుంది. కళ్లెదుట నిటారుగా నిలబడి తననే చూస్తున్న ప్రాణి అలా కనిపించదు. పిల్లలకు ముప్పు ఎక్కువగా ఉండడానికి చిన్న పరిమాణం, హఠాత్తుగా పరుగెత్తే స్వభావం ప్రధాన కారణాలు.

2018 మేలో వాషింగ్టన్ రాష్ట్రంలోని నార్త్‌బెండ్ సమీపంలో ఇద్దరు సైకిల్ ప్రయాణికులకు ప్యూమా ఎదురైంది. వారు అరిచి, అదిలించడంతో అది మొదట వెనక్కి తగ్గింది. తిరిగి వచ్చి ఒకరిని కరిచింది. రెండో వ్యక్తి పరుగు అందుకోవడంతో మొదటి వ్యక్తిని వదిలి అతని వెంటపడి చంపింది.

దీనికి భిన్నమైన ఘటన 2020 అక్టోబరులో యూటాలోని ప్రోవో వద్ద జరిగింది. కూనలున్న తల్లి ప్యూమా ఒక యువకుడిని దాదాపు 6 నిమిషాలు వెంబడించింది. అతడు ఒక్కసారి కూడా వీపు తిప్పకుండా, గట్టిగా అరుస్తూ వెనక్కి అడుగులు వేశాడు. చివరకు రాయి విసరడంతో అది వెళ్లిపోయింది.

ఎదురైతే ఏం చేయాలి?

• పరుగెత్తరాదు. జంతువును చూస్తూనే నెమ్మదిగా వెనక్కి జరగాలి.
• దానికి తప్పుకునే దారి వదలాలి. కూనలు కనిపిస్తే దగ్గరకు వెళ్లరాదు.
• పిల్లలను వెంటనే ఎత్తుకోవాలి. ఆ సమయంలో వీలైనంత వరకు వంగకుండా, చూపు మరల్చకుండా ఉండాలి.
• చేతులు పైకెత్తి, కోటు లేదా శాలువా విప్పి పట్టుకొని ఆకారం పెద్దదిగా కనిపించేలా నిలబడాలి. గట్టిగా, స్థిరంగా మాట్లాడాలి.
• దగ్గరకు వస్తుంటే రాళ్లు, కర్రలు విసరాలి.
• దాడి చేస్తే ఎదురు తిరగాలి. మెడను, తలను కాపాడుకోవాలి. కొన్ని రకాల ఎలుగుబంట్ల విషయంలో చెప్పే విధంగా చచ్చినట్లు పడి ఉండడం ఇక్కడ పనికిరాదు.

2019 ఫిబ్రవరిలో కొలరాడోలోని ఫోర్ట్‌కాలిన్స్ సమీపంలో పరుగు సాధన చేస్తున్న వ్యక్తి, తనపై దూకిన వయసు రాని ప్యూమాతో పెనుగులాడి ప్రాణాలతో బయటపడ్డాడు.

ముందుజాగ్రత్తలు దీనికన్నా సులభం. తెల్లవారుజామున, సంధ్యవేళ ఒంటరిగా నడవకపోవడం, పిల్లలను ముందుకు పరుగెత్తనివ్వకపోవడం, కుక్కను గొలుసుతో పట్టుకోవడం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకపోవడం వాటిలో ముఖ్యమైనవి.

ఈ జాగ్రత్తలు తెలుగువారికి కొత్తవి కావు. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి మరణించిన తర్వాత, భక్తులను గుంపులుగా పంపడం, చేతికి కర్రలు ఇవ్వడం, పిల్లల నడకకు వేళలు విధించడం జరిగింది. చిరుత, ప్యూమా వేర్వేరు జంతువులైనా, మాటు వేసి వేటాడడం రెండింటి స్వభావం.

మనిషి జాగ్రత్తే జంతువుకూ రక్షణ

మనిషిపై ప్రాణాంతక దాడి జరిగితే ఆ ప్యూమాను అధికారులు సాధారణంగా చంపేస్తారు. 2018 వాషింగ్టన్ ఘటనలోనూ, 2024 కాలిఫోర్నియా ఘటనలోనూ అదే జరిగింది. కాలిఫోర్నియా ఓటర్లు 1990లో 117వ ప్రతిపాదనను ఆమోదించి, వినోదం కోసం ప్యూమాలను వేటాడడాన్ని నిషేధించారు. రెండు రద్దీ రహదారులను దాటి లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకు చేరిన పి-22 అనే ప్యూమా దాదాపు పదేళ్లు నగరం నడుమ జీవించింది. తీవ్ర గాయాలు, అనారోగ్యం కారణంగా 2022 డిసెంబరులో దానికి కారుణ్య మరణం కల్పించారు. అదే ఏడాది ఏప్రిల్‌లో నగరానికి పశ్చిమాన 101వ నంబరు రహదారి మీదుగా వన్యప్రాణుల వంతెన నిర్మాణం మొదలైంది.

అడవిబాటలో ప్యూమా కనిపిస్తే, అది ఏమీ చేయకుండా వెళ్లిపోయినా సరే, పార్కు రేంజర్లకు తెలియజేయాలి. ఆ సమాచారంతో వెనుక వచ్చేవారిని అప్రమత్తం చేయవచ్చు, అవసరమైతే దారిని కొంతకాలం మూసివేయవచ్చు.